మడమ దాటని ఊలు మేజోళ్లు: అంచు సాగాలంటే ఏం చేయాలి?

పాలమూరు_పద్మజ
మా అత్తమ్మ ఇంట్లో వేసుకునేందుకు ఊలు మేజోళ్లు అల్లుతున్నాను. మహబూబ్‌నగర్‌లోని మా ఇల్లంతా తాండూరు బండలే కావడం వల్ల, మార్గశిరం వచ్చిందంటే తెల్లవారుజామున నేల మీద కాలు మోపడమే ఆమెకు కష్టమవుతున్నది. డబుల్ నిట్ (మధ్యరకం లావు) ఊలుతో, పది నంబరు సూదుల మీద 48 కుట్లు ఎక్కించి, పైనుంచి కిందికి రెండు సీధా (మామూలు అల్లిక కుట్టు), రెండు ఉల్టా (దాన్నే తిరగేసిన కుట్టు) వేసుకుంటూ ఒక కాలిది పూర్తి చేశాను. చేత్తో లాగితే అల్లిక చక్కగా సాగుతున్నది. తొడగబోతే మాత్రం పై అంచు మడమ దగ్గర బిగుసుకుపోయి ముందుకు కదలడం లేదు. ఆమె మోకాళ్లు వంగవు కాబట్టి తొడిగేది నేనే, పట్టి లాగితే నొప్పి అంటున్నారు. ఊలు నాసిరకమని, ఇంతకంటే ఖరీదైనది కొనాలని దుకాణదారు అంటున్నాడు. తప్పు నిజంగా ఊలుదేనా?

మిర్యాలగూడ_మధు
మే నెలలో 45 డిగ్రీలు దాటే మన జిల్లాల్లో ఊలు మేజోళ్ల మీద చర్చ నడుస్తుందని నేను ఊహించలేదు. శివరాత్రికి చలి శివశివా అంటూ పోతుందంటారు. అప్పటిలోగా రెండో కాలు పూర్తవుతుందా అన్నదే నా సందేహం.

గద్వాల_గీత
మధు గారూ, మే నెల సంగతి ఇక్కడ ఎవరూ అడగలేదు. పుష్యమాసంలో తెల్లవారుజామున నాలుగింటికి గ్రానైటు గచ్చు మీద చెప్పులు లేకుండా ఒక్కసారి నడిచి చూసి వచ్చి రాయండి.

పద్మజ గారూ, తప్పు ఊలుది కాదు, అంచుది. పాదానికి రెండు చుట్టుకొలతలు ఉంటాయి. వేళ్ల వెనుక వెడల్పైన చోట టేపు చుడితే ఆడవారికి సాధారణంగా 22 సెంటీమీటర్ల దరిదాపుల్లో వస్తుంది. అదే టేపును మడమ కొస నుంచి చీలమండ ముందుభాగం మీదుగా ఏటవాలుగా చుట్టి చూడండి, 30 దాటుతుంది. మేజోడును మనం చిన్న కొలతకు అల్లుతాము, కానీ తొడిగేటప్పుడు అంచు దాటవలసింది పెద్ద కొలతను. మీ 48 కుట్ల అంచు 32 సెంటీమీటర్ల దాకా సాగాలంటే ఒక్కొక్క కుట్టుకు ఆరున్నర మిల్లీమీటర్లకు పైగా దారం దొరకాలి. కింది వరుసల్లో ప్రతి కుట్టూ పక్క కుట్టు నుంచి కాస్త దారం అరువు తెచ్చుకుని సాగుతుంది. ఎక్కించిన మొదటి వరుసకు ఆ వీలు లేదు, అక్కడ దారం ఎంత వదిలితే అంతే. ఎక్కించేటప్పుడు కుట్లను దగ్గర దగ్గరగా బిగించి ఉంటారు. పది రెట్లు ఖరీదు పెట్టి ఊలు కొన్నా ఆ అంచు అలాగే నిలబడుతుంది.

సూర్యాపేట_సుజాత
గీత గారి మాటతో ఏకీభవిస్తున్నాను. నేనైతే కుట్లు ఎక్కించేటప్పుడు మాత్రం ఎనిమిది నంబరు సూది (నంబరు తగ్గేకొద్దీ సూది లావు) వాడి, రెండో వరుస నుంచి పది నంబరుకు మారుతాను. లావు సూది వల్ల అంచు దానంతటదే వదులుగా వస్తుంది.

నకిరేకల్_అల్లికలు
సుజాత గారి పద్ధతి చాలామంది చెప్పేదే, కానీ దానివల్ల ఒరిగేది కొంచెమే. లావు సూది మీద ఎక్కిస్తే మొదటి వరుస కుట్లు పెద్దవవుతాయి, నిజమే. అయితే ఒక కుట్టుకూ మరో కుట్టుకూ నడుమ అడ్డంగా పడే దారం మాత్రం పెరగదు, అంచును పట్టి ఉంచేది ఆ దారమే. అందుకే అదే పది నంబరు సూది మీద, ప్రతి కుట్టు ఎక్కించాక చూపుడువేలి కొనను సూదికి ఆనించి, వేలి మందంలో సగం ఎడం వదిలి తర్వాతి కుట్టు ఎక్కించాలి. చూడటానికి అంచు వికారంగా, వదులు వదులుగా కనిపిస్తుంది. నాలుగు వరుసలు అల్లేసరికి ఆ వికారం సర్దుకుంటుంది.

సూర్యాపేట_సుజాత
ఇన్నేళ్లుగా నేను అల్లినవి అందరి కాళ్లకూ ఎక్కుతున్నాయి మరి.

నకిరేకల్_అల్లికలు
మీ చెయ్యి సహజంగానే వదులు అయి ఉండవచ్చు. బిగుతు చెయ్యి ఉన్నవారికి ఆ చిట్కా పని చేయదు.

చండూరు_పత్తిచేను
మా ప్రాంతంలో ఎటు చూసినా పత్తే కనిపిస్తుంది. అక్కడెక్కడో లుధియానాలో తయారైన ఊలు తెచ్చుకునే బదులు నూలు దారంతోనే ఇవి అల్లవచ్చు కదా? చర్మానికి మెత్తగానూ ఉంటుంది, ధరా తక్కువ.

పుట్టపాక_మగ్గం
నూలుతో పుట్టి పెరిగినవాణ్ణి కాబట్టి చెబుతున్నాను. మగ్గం మీద నేసిన బట్టలో పడుగూ పేకా రెండూ తిన్నగా బిగిసి ఉంటాయి, అందువల్ల మూల పట్టి ఏటవాలుగా లాగితే తప్ప అది సాగదు. అల్లికలో దారమంతా మెలికలు తిరిగి ఉచ్చులుగా ఉంటుంది కాబట్టి ఏ దారంతో అల్లినా కొంత సాగుతుంది, నూలుతో అల్లినా సాగుతుంది. చిక్కు ఎక్కడంటే, సాగిన నూలు మళ్లీ వెనక్కి రాదు. ఊలు వెంట్రుకలోనే సహజంగా నొక్కులు ఉంటాయి, వదలగానే అది ముడుచుకుంటుంది. నూలు దారంలో ఆ గుణం లేదు. పొద్దున తొడిగిన నూలు మేజోడు సాయంత్రానికి చీలమండ కిందికి జారి కాలికి అడ్డం పడుతుంది. పైగా నూలు తడిని పీల్చి పట్టి ఉంచుతుంది, తడిసిన నూలు కాలికి చల్లగా తగులుతుంది. నూలు అమ్ముకునే మేమే ఈ మాట చెప్పవలసి రావడం విచారకరం.

పాలమూరు_పద్మజ
అంచు సంగతి అర్థమైంది. ఇప్పుడు నా అసలు బాధ వేరు. మడమ తిప్పి, వేళ్ల దాకా అల్లి, కొస కూడా కుట్టేసిన మేజోడును మొదటి వరుస కోసం మొత్తం విప్పాలా?

గద్వాల_గీత
విప్పనక్కర లేదు. అంచును మాత్రం తీసేసి మళ్లీ మూయవచ్చు (అంటే కుట్లను ఒకదాని మీదుగా ఒకటి దాటిస్తూ సూది నుంచి దింపడం). ఎలాగో వివరంగా రాస్తాను.

ముందుగా అంచు నుంచి మూడో వరుసను ఎంచుకుని, ఆ వరుసలోని 48 కుట్లలో ప్రతి కుట్టు కుడికాలును (ఉచ్చులో కుడివైపు దారాన్ని) సన్నటి సూది మీదికి ఎత్తిపెట్టండి. దీనికి మీ పది నంబరుకంటే సన్నదైన పన్నెండు నంబరు సూది మంచిది. ఒక్క కుట్టు కూడా వదలకుండా లెక్క సరిచూసుకున్నాకే కత్తెర పట్టాలి. సూదికి పైన, అంటే అంచు వైపున ఉన్న వరుసలో ఒకే ఒక్క కుట్టును కత్తిరించి, మొద్దు మొన ఉన్న ఊలు సూదితో ఆ దారాన్ని ఒక్కో కుట్టు నుంచి లాగుతూ పోతే అంచు పట్టీలా ఊడి చేతికి వస్తుంది. ఎక్కించిన వైపు నుంచి ఈ రెండు సీధా, రెండు ఉల్టా అల్లిక దానంతటది ఊడదు, ప్రతి కుట్టు దగ్గరా తోడు పట్టవలసిందే, కాబట్టి ఈ పనికి పగటి వెలుతురు, తొందర లేని సమయం రెండూ కావాలి. తలకిందులుగా ఎత్తిన కుట్లు కింది వరుసలతో అర కుట్టు పక్కకు జరిగినట్టు కనిపిస్తాయి. ఇక్కడ మనం మళ్లీ అల్లడం లేదు, మూసేయడమే కాబట్టి ఆ తేడా కంటికి ఆనదు.

మూసేటప్పుడు మామూలుగా మూయవద్దు. ప్రతి కుట్టు అల్లే ముందు దారాన్ని కుడి సూది మీద ఒక చుట్టు వేసి, కుట్టు అల్లి, ఆ చుట్టును కుట్టు మీదుగా దాటించి, ఆ తర్వాతే వెనుకటి కుట్టును దీని మీదుగా దాటించండి. ఆ అదనపు చుట్టే కుట్టుకూ కుట్టుకూ నడుమ కావలసిన దారాన్ని ఇస్తుంది. మామూలు అంచుకంటే దారం చాలా ఎక్కువ పడుతుంది కాబట్టి ఉండ దగ్గర పెట్టుకుని మొదలుపెట్టండి.

కొత్త_సూది
గీత గారు రాసింది చదివాక నాకు ధైర్యం రావలసింది పోయి భయం వేసింది. మడమ తిప్పడం కూడా ఇంత కష్టమేనా? 48 కుట్లకు లెక్కలు ఎవరైనా చెప్పగలరా?

సూర్యాపేట_సుజాత
మడమ అంత భయపడవలసినది కాదు. సగం, అంటే 24 కుట్లు మాత్రమే తీసుకుని, ప్రతి వరుస మొదటి కుట్టును అల్లకుండా అలాగే కుడి సూది మీదికి జారవిడుస్తూ 24 వరుసలు చదరంగా అల్లండి. తిప్పే వరుసలో 14 సీధా అల్లి, రెండు కలిపి ఒకటి చేసి, మరొకటి అల్లి వెనక్కి తిరగాలి. ఒక కుట్టు జారవిడిచి, అయిదు ఉల్టా వేసి, రెండు కలిపి, మరొకటి వేసి మళ్లీ తిరగాలి. అక్కడి నుంచి ప్రతిసారీ ఖాళీ కనిపించే చోట ఇటూ అటూ ఉన్న రెండింటినీ కలుపుతూ పోతే చివరకు 14 కుట్లు మిగులుతాయి. ఇరుపక్కలా జారవిడిచిన అంచుల నుంచి పన్నెండేసి కుట్లు ఎత్తితే, పాదం పైభాగంలో ఆగి ఉన్న 24తో కలిపి మొత్తం 62 అవుతాయి. వరుస విడిచి వరుసలో ఇరువైపులా ఒక్కొక్కటి చొప్పున ఏడుసార్లు తగ్గిస్తే మళ్లీ 48కి వస్తారు. కాగితం మీద చదివితే తలనొప్పి వస్తుంది, సూదుల మీద పెట్టి చదివితే అదే దారి చూపిస్తుంది.

దేవరకొండ_స్టాఫ్‌నర్సు
అంచు ఎలా సాగించాలన్న చర్చలో ఎవరూ సాగుడు దారం, అంటే ఎలాస్టిక్, లోపల కుట్టమని సలహా ఇవ్వకముందే ఒక మాట చెప్పాలనుకుంటున్నాను. పెద్దవాళ్ల కాళ్లకు, ముఖ్యంగా షుగరు ఉన్నవాళ్లకు, ఎలాస్టిక్ వద్దు. సాయంత్రానికి కాలు వాస్తే పిక్క మీద లోతుగా గీత పడుతుంది. పాదాల్లో స్పర్శ తగ్గినవారికి లోపల ఉన్న ముడి గాని, లావు కుట్టు గాని ఒరుసుకున్నా తెలియదు, మర్నాటికి పుండు అవుతుంది. దారం కొసలను లోపల ముడి వేయకుండా అల్లికలోనే నేసి దాచండి. వేళ్ల దగ్గర కుట్టును మందంగా వేయకుండా, ఊలు సూదితో అల్లిక వరుస లాగే కనిపించేలా కలపండి. మేజోడు తీసిన ప్రతిసారీ పాదాన్ని, వేళ్ల సందులను ఒకసారి చూడటం అలవాటు చేసుకోవాలి.

మర్రిగూడ_మాస్టారు
నర్సు గారి మాటకు మా ప్రాంతం అనుభవం కలుపుతాను. ఇప్పుడు నల్లాల్లో కృష్ణా నీళ్లు వస్తున్నాయి కాని, ఫ్లోరైడు బోరు నీళ్లు తాగుతూ బతుకంతా గడిపిన మా పెద్దలకు మడమ, మోకాలు, నడుము ఒక్కటీ వంగదు. పాదాన్ని చాచి వేళ్లను కిందికి వంచితేనే మేజోడు ఎక్కుతుంది. చీలమండ బిగుసుకుపోయినవారికి అది సాధ్యం కాదు. అంచును ఎంత సాగించినా మా చిన్నమ్మ విషయంలో ఫలితం లేకపోయింది. అందుకని నేను రెండు సూదుల మీద, అన్ని వరుసలూ సీధా వేస్తూ ఒక పలకలా అల్లి, ముందు భాగం తెరుచుకునేలా కుట్టి, పాదం పైన రెండు నాడాలు పెట్టాను. అన్ని సీధాల అల్లిక నిలువునా ఎక్కువ సాగుతుంది కాబట్టి, ఆ నిలువు దిక్కు పాదం చుట్టూ వచ్చేలా పలకను అడ్డంగా తిప్పి కుట్టాలి. ఈ ఒక్క మెళకువ పట్టుకుంటే నాలుగు సూదులు, మడమ లెక్కలు ఏవీ అవసరం లేదు.

గద్వాల_గీత
మాస్టారు గారూ, అడ్డంగా తిప్పడం అద్భుతమైన ఆలోచన, నాకు తట్టనిది. నాడాలతో మాత్రం నేను ఒప్పుకోను. ఊడిన నాడా కాలికింద పడితే పెద్దవాళ్లు బొక్కబోర్లా పడతారు. వెడల్పాటి పట్టీ ఒకటి అల్లి, దానికి పెద్ద గుండీ పెట్టండి.

మర్రిగూడ_మాస్టారు
గుండీ పెట్టే వేళ్లు కూడా వంగాలి కదా. వెల్క్రో అంటించవచ్చు, కానీ అది ఊలును పట్టి పీకుతుంది. నాడాలను ముడి వేయడం లేదు, పొట్టిగా ఉంచి పక్కన దోపుతున్నాము. ఇప్పటివరకు ఇబ్బంది రాలేదు.

మక్తల్_గొంగడి
అందరూ దుకాణం ఊలు గురించే మాట్లాడుతున్నారు. దక్కనీ గొర్రెల నల్ల ఉన్నితో నేసిన గొంగళ్లకు పేరుపడిన ఉమ్మడి పాలమూరులో ఆ ఉన్నిని ఎవరూ తలవకపోవడం ఆశ్చర్యంగా ఉంది. రాట్నం మీద వడికిన దారం ఇప్పటికీ కొన్ని ఊళ్లలో దొరుకుతుంది.

నకిరేకల్_అల్లికలు
ఆ దారంతో ఒక జత అల్లి చూశాను. వెచ్చదనానికి తిరుగులేదు, కానీ దక్కనీ ఉన్ని ముతక, వెంట్రుక లావు, చర్మానికి గుచ్చుకుంటుంది. అదే గుణం వల్ల గొంగడి వానకూ, ముళ్లకూ ఆగుతుంది. గొంగడికి చింతగింజల గంజి పట్టించి గట్టిపరుస్తారు, మేజోడుకు అది పట్టిస్తే సాగడం మాట అటుంచి కాలే దూరదు.

మక్తల్_గొంగడి
కాలికి నేరుగా తగిలేలా అల్లమని నా ఉద్దేశం కాదు. చిరిగిన పాత గొంగడిలో గట్టిగా ఉన్న ముక్క నుంచి అడుగు ఆకారం కత్తిరించి, మెత్తటి ఊలు మేజోడు కింద అట్టలా కుట్టండి. అడుగు త్వరగా అరగదు, బండల చల్లదనం పైకి ఎక్కదు. కుట్టును అంచు చుట్టూ మాత్రమే, కాస్త వదులుగా వేయాలి, లేకపోతే అల్లిక సాగదు.

మిర్యాలగూడ_మధు
ఇది చదివాక నాకూ ఒక జత కావాలనిపిస్తున్నది. నా పాదం చుట్టుకొలత 25. ఎన్ని కుట్లు పడతాయి?

గద్వాల_గీత
కాలికి పట్టి ఉండేందుకు పదో వంతు తగ్గిస్తే 22.5 సెంటీమీటర్లు. పది సెంటీమీటర్లకు 24 కుట్లు వచ్చే చెయ్యి అయితే 54 అవుతుంది. రెండు సీధా, రెండు ఉల్టా కుదరాలంటే నాలుగుతో భాగించబడాలి కాబట్టి 56 ఎక్కించాలి. పాదం పొడవును కూడా ఒక సెంటీమీటరు పైచిలుకు తక్కువ అల్లాలి. ఊలు వంద గ్రాముల కంటే కాస్త ఎక్కువే కొనండి, అదే విడతలో అద్దిన రంగు మళ్లీ దొరకకపోవచ్చు.

పాలమూరు_పద్మజ
అంచు తీసి, గీత గారు చెప్పినట్లే మూశాను. మేజోడు మడమ మీదుగా ఏ ఇబ్బందీ లేకుండా ఎక్కింది, అత్తమ్మకు ఎక్కినట్టే తెలియలేదు. అయితే ఇప్పుడు కొత్త సమస్య వచ్చింది. కాలికి లేనప్పుడు పై అంచు అలలు అలలుగా విచ్చుకుని, జాకెట్టు చేతికి కుట్టిన ఫ్రిల్లులా కనిపిస్తున్నది.

నకిరేకల్_అల్లికలు
ప్రతి కుట్టుకూ చుట్టు వేస్తే కొందరి చేతిలో అలాగే వస్తుంది. ఉల్టా కుట్ల దగ్గర మాత్రమే చుట్టు వేసి, సీధా కుట్లను మామూలుగా మూయండి. 32 సెంటీమీటర్ల దాకా సాగితే మీకు చాలు, అంతకుమించి సాగనక్కర లేదు. రెండో కాలికి ఈ పద్ధతి చూసి, బాగుంటే మొదటిది మార్చుకోవచ్చు.

దేవరకొండ_స్టాఫ్‌నర్సు
అంచు విచ్చుకున్నా ఫరవాలేదు, కాలు జారితేనే కష్టం. గ్రానైటు మీద, టైల్సు మీద ఊలు మేజోళ్లతో నడవడం పెద్దవాళ్లకు ప్రమాదం. తుంటి ఎముక విరిగి ఆస్పత్రికి వచ్చేవారిలో బాత్‌రూమ్ గడప దగ్గర జారిపడినవాళ్లను చాలామందిని చూశాను. అడుగున పట్టు లేకుండా ఇవి తొడగవద్దు.

మర్రిగూడ_మాస్టారు
పంక్చరు దుకాణంలో పాత సైకిలు ట్యూబు అడిగితే ఊరికే ఇస్తారు. దాన్ని సబ్బుతో కడిగి, రూపాయి బిళ్ల అంత ముక్కలు కత్తిరించి, అంచుల్లో సూదితో రంధ్రాలు చేసి, మడమ కింద రెండు, వేళ్ల మొదట్లో మూడు కుట్టాను. పొడి నేల మీద బాగా పట్టుకుంటున్నాయి.

సూర్యాపేట_సుజాత
కుట్టే ఓపిక లేనివారు సిలికాన్ గమ్మును చుక్కలు చుక్కలుగా పెట్టి ఒక రోజంతా ఆరనివ్వవచ్చు. మేజోడు లోపల అట్టముక్క పెట్టడం మరువకండి, లేకపోతే రెండు పొరలూ అతుక్కుంటాయి. మరీ దగ్గరగా పెడితే అడుగు సాగదు.

దేవరకొండ_స్టాఫ్‌నర్సు
రెండు పద్ధతులూ పొడి నేలకే పనికివస్తాయి. బాత్‌రూమ్‌కు వెళ్లేముందు మేజోళ్లు విప్పవలసిందే.

కొత్త_సూది
దుకాణంలో అన్నింటినీ ఊలు అనే అమ్ముతున్నారు. అసలు ఊలో, అక్రిలిక్కో తెలుసుకోవడం ఎలా?

పుట్టపాక_మగ్గం
జానెడు దారాన్ని పట్టకారుతో పట్టి, స్టీలు పళ్లెం మీద కాల్చి చూడండి. అసలు ఊలు అయితే వెంట్రుకలు కాలిన వాసన వచ్చి, మంట తీయగానే ఆరిపోయి, నలిపితే పొడి అయ్యే బూడిద మిగులుతుంది. అక్రిలిక్ కరిగి, చల్లారాక నల్లటి గట్టి పూసలా బిగుస్తుంది. కరిగేటప్పుడు వేలికి తగలనివ్వకండి. రెండూ కలిసిన దారమైతే రెండు లక్షణాలూ కనిపిస్తాయి.

గద్వాల_గీత
అక్రిలిక్ అని తేలినంత మాత్రాన పారేయవద్దు. గుచ్చుకోదు, ధర తక్కువ, తరచుగా ఉతకవచ్చు. ఊలు అంత బాగా తిరిగి ముడుచుకోదు కాబట్టి కుట్లు ఇంకో నాలుగు తగ్గించి అల్లండి. ఇస్త్రీ మాత్రం పెట్టకూడదు, వేడికి అల్లిక చచ్చుపడి మళ్లీ ఎన్నడూ సాగదు. అసలు ఊలుకు వేడి నీళ్లు, రుద్దడం రెండూ పనికిరావు, గట్టిపడి చిన్నపిల్లల సైజుకు కుంచించుకుపోతుంది. గోరువెచ్చని నీళ్లలో ముంచి, పిండకుండా తువాలులో చుట్టి నొక్కి, నీడలో పరిచి ఆరవేయండి. తాడు మీద వేలాడదీస్తే నీటి బరువుకు సాగిపోతాయి.

పాలమూరు_పద్మజ
దారం కాల్చి చూశాను, మాది రెండూ కలిసినదే. రెండో కాలికి ఉల్టాల దగ్గర మాత్రమే చుట్టు వేసి మూస్తే అంచు విచ్చుకోలేదు, మడమ కూడా దాటింది. మొదటిదాన్నీ అలాగే మార్చుతున్నాను. ట్యూబు ముక్కలు కుట్టబోతే మా దగ్గర ఉన్న సూది రబ్బరులో దిగడం లేదు, మాస్టారు గారు ఏ సూది వాడారో చెప్పగలరా?

మర్రిగూడ_మాస్టారు
రంధ్రాలకు గోనెసంచులు కుట్టే దబ్బనం, కుట్టడానికి మామూలు సూది, నైలాను దారం వాడాను. కింద చెక్కముక్క పెట్టి దబ్బనంతో ముందుగా రంధ్రాలన్నీ పొడిచి, ఆ తర్వాతే మేజోడు మీద పెట్టి కుట్టండి.